కాటా మీద పిట్ట

మా ఇంట్లో పొట్టి అన్న మాట తిట్టు కాదు. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత నేను వెలగబెట్టిన నిర్వాకం విని నన్ను మనుషుల్లో జమకట్టరు. నేను జాకీని. పద్దెనిమిదేళ్ళు పందెపు గుర్రాల మీద బతికాను. భుజం మూడుసార్లు, పక్కటెముకలు ఒకసారి విరిగాక పందేలు మానేసి, ఇప్పుడు పొద్దున్నే గుర్రాల్ని మైదానంలో పరుగెత్తించి సాధన చేయించే పని చూస్తున్నాను. నా ఎత్తెంతో చెప్పను. మా ఆవిడ నాకంటే తలకాయంత పొడుగు. పెళ్ళి ఫోటోలో నన్ను పీట మీద నిలబెడతానన్న ఫోటోగ్రాఫరు మీదికి చెయ్యెత్తి వెళ్ళాను, అదీ అందలేదు. అంతవరకు చెబితే చాలు.

పొడుగువాళ్ళకి బుద్ధి మోకాల్లో ఉంటుందని మా గుర్రపుశాలలో అంటాం. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని లోకం ఎలాగూ అంటూనే ఉంది. మా పనిలో బరువు శత్రువు, ఎత్తు ఆ శత్రువుకి బావమరిది. నాతోపాటు శాలలో చేరినవాళ్ళలో నలుగురు పదిహేనో ఏట ఉన్నట్టుండి తాడిలా ఎదిగిపోయి, ఏడుస్తూ ఇళ్ళకి పోయారు. నేను మిగిలాను. నా పొట్టితనమే నాకింత కూడు పెట్టింది, ఇల్లు కట్టించింది, పిల్లనిచ్చి పెళ్ళి చేయించింది.

అలాంటి నాకు ఒక్కగానొక్క కూతురు. పుట్టినప్పుడు అందరి పిల్లల్లాగే ఉండేది. నాలుగో ఏడు దాటాక ఒళ్ళు ఎదగడం బాగా మందగించింది, నోరు మాత్రం ఎదుగుతూ పోయింది. పిట్ట కొంచెం కూత ఘనం అని శాలలో జీనులు బాగుచేసే ముసలాయన ఒకసారి అన్నాడు, అప్పటినుంచి అది పిట్టే. మా ఆవిడ జాకీల రంగు చొక్కాలు కుడుతుంది. టేపు మెడలో వేసుకునే మనిషికి కొలత తెలీకుండా ఉంటుందా? పిల్లకి మూడేళ్ళుగా ఒకే గౌను సరిపోతోందని, ఇది మామూలు సంగతి కాదని రెండు మూడుసార్లు అంది. నేను ఎగిరిపడ్డాను. నా పోలిక వచ్చింది, నీకు కుళ్ళు అన్నాను. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, నాకైతే నా పిల్ల ముద్దే కాదు, గర్వం కూడా.

మా వరండాలో ఒక పాత కాటా ఉంది. జాకీల ఇళ్ళలో అది అద్దం లాంటిది. పొద్దున లేచి మంచినీళ్ళైనా తాగకముందే నేను దాని మీదికి ఎక్కేవాణ్ణి. పందేలు మానేసినా అలవాటు పోలేదు. నా తర్వాత పిట్ట ఎక్కేది. ముల్లు నిన్నటి చోటే ఆగితే నేను "శభాష్" అని దాని వీపు తట్టేవాణ్ణి. అది కాటా దిగి, గుర్రం దిగిన జాకీలాగా నాకు సలాం కొట్టేది. పిల్లకి రోజు మొదలయ్యేదే దాంతో. ఏం చెయ్యమంటారు, మా వాళ్ళెవరైనా అదే చేస్తారు. పిల్ల ఎదగడం లేదని లోకంలో తల్లిదండ్రులు కుంగిపోతుంటే, నేను చప్పట్లు కొట్టాను.

పదకొండో ఏట ఒకరోజు పొద్దున పిట్టని మైదానానికి తీసుకెళ్ళాను. శాలలో ఒక ముసలి గుర్రం ఉంది, పిల్లలకి అలవాటు చెయ్యడానికి పనికొస్తుంది. ఖాళీ కడుపుతోనే ఎక్కించాను, మాలో అదే పద్ధతి. ఒక చుట్టు బాగానే తిరిగింది. రెండో చుట్టులో కళ్ళెం చేతిలోంచి జారిపోయి, పిల్ల పక్కకి వాలి ఇసుకలో పడింది. గుర్రం తప్పు లేదు, అది ఆగే ఉంది. పిట్ట మొహం తెల్లగా పాలిపోయి, ఒళ్ళంతా చెమట. దగ్గర్లో ఉన్న క్లినిక్కుకి ఎత్తుకుని పరుగెత్తాను. అక్కడి డాక్టరు ఒంట్లో చక్కెర బాగా పడిపోయిందని, తీపి నీళ్ళు తాగించి, వయసెంత అని అడిగాడు. పదకొండు అన్నాను. ఆయన రాసుకోబోయి ఆగి, నేను వేళాకోళమాడుతున్నాననుకున్నాడు. తర్వాత నవ్వడం మానేసి, హార్మోన్ల డాక్టరమ్మకి చీటీ రాసిచ్చాడు.

ఆ డాక్టరమ్మ దగ్గర నెల్లాళ్ళు తిరిగాం. పిట్ట ఎడమచేతికి ఎక్స్‌రే తీశారు. పిల్లకి పదకొండేళ్ళు, చేతి ఎముకలకి ఏడున్నర అని చెప్పారు. చెయ్యీ పిల్లా ఒకేసారి పుట్టాయి కదమ్మా అంటే ఆవిడ ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. ఇంకోరోజు పొద్దున చేతికి గొట్టం పెట్టి, ఏదో మందు ఎక్కించి, అరగంటకోసారి రక్తం తీశారు. పిట్ట ప్రతి సీసానీ పేరుపెట్టి పలకరించింది. మా ఆవిడ బయటికి వెళ్ళి ఏడ్చి వచ్చింది. తలకి కూడా స్కాను చేశారు. చివరికి తేల్చిందేమిటంటే, మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుంది, అది ఎదిగే హార్మోను తయారు చేస్తుంది, పిట్టకి అది చాలా తక్కువ తయారవుతోంది. తక్కువైతే ఎత్తు ఒక్కటే కాదు, ఎముక గట్టిపడదు, ఒంట్లో చక్కెర పడిపోతుంది. ఆ హార్మోనునే రోజూ చిన్న సూదితో ఇస్తారట, ఎదుగుదల ముగిసేదాకా ఏళ్ళ తరబడి.

మాది పొట్టి వంశం డాక్టరమ్మా, మా నాన్న పొట్టి, నేను పొట్టి, ఇందులో జబ్బేముంది అన్నాను. పొట్టితనం జబ్బు కాదని, కానీ ఈ పిల్లది ఆ పొట్టితనం కాదని ఆవిడ అంది. రెండూ చూడ్డానికి ఒకటే కదా అన్నాను. చూడ్డానికి ఒకటే అని ఒప్పుకుంది. అక్కడితో ఆగుంటే బాగుండేది. నా నోరు ఊరుకుంటుందా?

"అయితే నాక్కూడా జబ్బేనా?"

"మీ చిన్నప్పుడు ఎవరైనా పరీక్ష చేసుంటే తెలిసేది. ఇప్పుడు నేను చెప్పలేను" అంది డాక్టరమ్మ.

చెప్పలేను. అదేం మాట? కాదు అన్నా సరే, అవును అన్నా సరే, తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. నలభైమూడేళ్ళుగా నేను జాకీగా పుట్టాననుకున్నాను. ఇప్పుడు ఒకావిడ వచ్చి, నువ్వు జాకీగా పుట్టావో, మందు అందని పిల్లాడివో తేల్చలేనంటోంది. ఆ వారమంతా గుర్రం ఎక్కుతున్నా అదే, దిగుతున్నా అదే. మా నాన్న కూడా శాలలోనే గుర్రాలకి దాణా పెట్టేవాడు, ఆయన పోయి చాలాకాలమైంది, అడుగుదామంటే మనిషి లేడు. నా తిక్క చూసి మా ఆవిడ, మీ సంగతి తర్వాత, ముందు పిల్ల సంగతి చూడండి అంది. న్యాయమే. కానీ వైద్యానికి ఒప్పుకోలు కాగితం మీద ఆవిడ గబగబా సంతకం పెట్టేసింది, నేను మాత్రం కలం పట్టుకుని కూర్చుండిపోయాను. పెడితే ఇన్నాళ్ళు నేను కొట్టిన చప్పట్లన్నీ తప్పు. పెట్టకపోతే పిల్ల రేపు మళ్ళీ ఇసుకలో పడుతుంది. చివరికి పెట్టాను. ఎందుకు పెట్టానో ఆ రోజు అడిగుంటే చెప్పలేకపోయేవాణ్ణి. మందు ఖర్చు జాకీల సంక్షేమ నిధి చూసుకుంది, ఆ దిగులు లేకుండా పోయింది.

మందు కలంలాంటి దాంట్లో వచ్చింది. వెనక మీట తిప్పి మోతాదు పెట్టి, తొడ మీద గుచ్చి నొక్కాలి. ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. మొదటి మూడు నెలలు మా ఆవిడే వేసింది. మా ఇంట్లో తెల్లారుజామున నాలుగింటికే లేస్తాం గనక సాయంత్రం ఏడున్నరకల్లా పక్కలు వేసేస్తాం, సూది ఆ వేళకే. పిట్ట మొదటి రోజు కెవ్వుమంది, నాలుగో రోజుకి అమ్మకే ధైర్యం చెప్పింది.

మూడు నెలలకి పిల్ల దాదాపు మూడు సెంటీమీటర్లు ఎదిగింది. ఏడాదికి కూడా అంత ఎదిగిన పిల్ల కాదు. చెప్పులు బిగుతయ్యాయి. బుగ్గలకి రంగొచ్చింది, పొద్దున్నే కళ్ళు తిరగడం పోయింది. మా ఆవిడ ఏళ్ళ తర్వాత కూతురికి కొత్త గౌను కత్తిరించి, కుడుతూ కుడుతూ పాట అందుకుంది. నేను సంతోషించాను. అబద్ధమెందుకు, సంతోషించాను. అంతలోనే కాటా ముల్లు ముందుకి జరిగింది. నా పెదవి మీదికి రావలసిన మాట రాలేదు. ఏమనాలి? ముల్లు కదిలిందని శభాష్ అని నేను జన్మలో అన్లేదు. ఊఁ, దిగు అన్నాను. పిట్ట దిగింది. సలాం కొట్టలేదు, నేనూ అడగలేదు.

అదే రోజుల్లో శాల ట్రైనరు, నీ పిట్ట ఎదుగుతోందిరోయ్, ఇక దాన్ని నీ బండి మీద ఎక్కించుకోవాల్సిందే, గుర్రం మీద కాదు అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి ఇంటికొచ్చాక ఒక పాపం చేశాను. ఫ్రిజ్‌లోంచి మందు కలం తీసి, ఎండ పడే కిటికీ గట్టు మీద పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు. పాడవ్వాలని పెట్టానా, పెడితే ఏమవుతుందో చూద్దామని పెట్టానా, ఇప్పటికీ అంతుపట్టదు. ఎదురుగా కుర్చీ వేసుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. పావుగంటకి నా మీద నాకే అసహ్యం వేసి, తీసి మళ్ళీ లోపల పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

నాలుగో నెలలో పిట్ట తన సూది తనే వేసుకుంటానంది. డాక్టరమ్మ దగ్గరుండి నేర్పింది, ఎంత చురుకైన పిల్లో అని మెచ్చుకుంది. మేమూ పొంగిపోయి కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నాం. రోజూ ఏడున్నరకి పిట్ట మందు తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. బయటికి వచ్చాక "వేసుకున్నావా?" అంటే "ఆఁ" అనేది. కలాలు ఎన్నాళ్ళకి ఖాళీ అవ్వాలో అన్నాళ్ళకే ఖాళీ అయ్యేవి. మేము నిశ్చింతగా పడుకునేవాళ్ళం.

ఆరో నెల పరీక్షలో పిల్ల మూడో నెల కొలత మీద గీతంతైనా ఎదగలేదని తేలింది. డాక్టరమ్మ రెండుసార్లు కొలిచింది, మూడోసారి నర్సు చేత కొలిపించింది. రక్తం ఫలితం చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఈ కాగితం ప్రకారం ఈ పిల్ల ఒంట్లోకి ఎన్నో వారాలుగా మందు పోలేదు అంది. మా ఆవిడ ఖాళీ కలాలన్నీ సంచీలోంచి తీసి బల్ల మీద పోసింది. మరి ఇందులో మందంతా ఏమైంది? ఫ్రిజ్ పాడైందా అన్నారు, ప్రయాణంలో వేడెక్కిందా అన్నారు, సూది సరిగ్గా దిగడం లేదా అన్నారు. పిట్ట బొమ్మలాగా కూర్చుని గోడ మీద ఎముకల పటం చూస్తోంది. కాసేపు బయట కూర్చుని ఇంట్లో మందు ఎలా ఉంచుతున్నారో గుర్తు చేసుకోండి అని డాక్టరమ్మ మమ్మల్ని వసారాలోకి పంపింది.

పిట్ట బెంచీ మీద కూర్చుంది. మేమిద్దరం నాలుగడుగులు అవతలికి వెళ్ళాం. మా ఆవిడ నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, ఇది మీ పనే, ఇంకెవరి పనీ కాదు అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మండిన నోటితోనే, కాదు అనబోయి, కిటికీ గట్టు సంగతి కక్కేశాను. ఒక్కరోజే, పావుగంటే అన్నాను. అరుస్తుందనుకున్నాను. ఆవిడ అరవలేదు. రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకుని, నన్ను ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది. పావుగంట ఎండకి మందు మొత్తం పాడవ్వదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. కానీ ఆ చూపుకి మందు లేదు.

అప్పుడు బెంచీ మీంచి పిట్ట దిగి వచ్చింది.

"నాన్న కాదమ్మా. నేనే. రోజూ బేసిన్‌లోకి చిమ్మేశాను."

మా ఆవిడ దాని భుజాలు పట్టుకుని ఎందుకే, నొప్పిగా ఉందా, భయమేసిందా అని అడిగింది. అది తల అడ్డంగా ఊపి, నా వైపు చూడకుండా చెప్పింది.

"నాన్న శభాష్ అనడం మానేశాడు."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. గుర్రం చెవి కదిలిస్తే దాని మనసులో ఏముందో చెప్పగలనని ఇన్నేళ్ళు విర్రవీగాను. రోజూ పొద్దున నా మొహాన్ని నా పిల్ల చదువుతోందని మాత్రం నాకు తట్టలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆస్పత్రిలో అటూ ఇటూ పోయేవాళ్ళు చూశారు. చూడనీ.

డాక్టరమ్మ కోప్పడలేదు. పిట్టని పక్కన కూర్చోబెట్టుకుని, మాతో కంటే దాంతోనే ఎక్కువ మాట్లాడింది. ఎముకల చివర్లు ఇంకా తెరుచుకునే ఉన్నాయని, ఇంకొన్నేళ్ళకి అవి మూసుకుంటాయని, ఆ తర్వాత కావాలన్నా ఎత్తు పెరగదని చెప్పింది. ఎంత ఎదుగుతావో ముందే చెప్పలేను, జాకీ అవుతావో లేదో అసలే చెప్పలేను అంది. పోయిన మూడు నెలలు పోయాయి, నీకు ఇష్టం లేకుండా రోజూ సూది పొడిపించడం నాకు ఇష్టం లేదు, ఇంటికెళ్ళి మీ నాన్నతో తేల్చుకో అంది. నాతో. అసలు నేనే తేలకుండా ఉంటే.

ఇంటికొచ్చాం. మధ్యాహ్నమంతా మా ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించకుండానే తొక్కింది. ఏడున్నర అయింది. నేనే ఫ్రిజ్ తెరిచి మందు తీసి, పిట్ట మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. నేల మీద కూర్చుంటే అది నాకంటే ఎత్తుగా ఉంటుంది. ఏమేమో చెప్పాను. పొడుగైనా గుర్రం ఎక్కొచ్చు, పందేలు ఒక్కటే కాదు, గుర్రాలకి వైద్యం చేసేవాళ్ళున్నారు, నేర్పేవాళ్ళున్నారు అన్నాను. నా మాటలు నాకే ఊకదంపుడులా ఉన్నాయి. అది విన్నంతసేపు విని, దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"నిన్ను అడిగారా నాన్నా? చిన్నప్పుడు, ఎదుగుతావా, ఇలాగే ఉంటావా అని?"

"లేదమ్మా. మీ తాత తొమ్మిదో ఏట నన్ను శాలలో దింపి వెళ్ళాడు. ఎవరూ ఏమీ అడగలేదు."

"అడిగుంటే?"

  పద్దెనిమిదేళ్ళ పందేలూ, చప్పట్లూ ఒకవైపు, డాక్టరమ్మ చెప్పలేనన్న మాట ఇంకోవైపు. మా ఆవిడ మిషను తొక్కడం ఆపేసింది.

"ఎదిగేవాణ్ణే" అన్నాను.

పిట్ట నా మొహాన్ని వెతికింది. నిజంగానా అంది. నిజంగానే అని, ఎవరికీ చెప్పని సంగతి దానికి చెప్పాను. పదిహేనో ఏట తోటివాళ్ళంతా ఒక్కొక్కడే ఎదిగిపోతుంటే, దాణా గదిలో ఎవరూ లేనప్పుడు దూలం పట్టుకుని వేలాడేవాణ్ణి. కాళ్ళకి ఇసుక సంచులు కట్టుకుని మరీ వేలాడేవాణ్ణి. అదంతా నిజం. ఆ దూలం ముచ్చట రెండు నెలలే అని, ఆ తర్వాత మొదటి పందెం గెలిచి మళ్ళీ దాని మొహం చూడలేదని మాత్రం చెప్పలేదు.

కాబట్టి నేను అన్నమాట నిజమో, దాని చేత మందు వేయించడానికి ఆడిన అబద్ధమో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. పిట్ట నమ్మింది. మందు నా చేతిలోంచి తీసుకుని, గౌను కొంచెం పైకి జరుపుకుని, తొడ మీద చోటు చూసుకుని గుచ్చుకుంది. నొక్కాక సూది వెంటనే తియ్యకూడదట, పది లెక్కపెట్టాలట. అది పైకి లెక్కపెట్టింది. నేనూ లోపల మొదలుపెట్టాను గానీ ఏడు దగ్గర తప్పిపోయాను.